సముద్రం లేని ఊళ్ళో గాలం కర్ర ఎంచిన రోజు

సముద్రపు చేపకు గాలం వేయాలనుకునేవాళ్ళు రాజపాళయం వెళ్ళరు. అక్కణ్ణుంచి ఏ తీరానికి పోవాలన్నా ఒక పూట బస్సులో కూర్చోవాలి. పడమట కొండలు, చుట్టూ పత్తి చేలు, నడుమ నూలు మిల్లులు, అంతే ఆ ఊరు. అయినా నేను గాలం కర్ర కోసం అక్కడికే వెళ్ళాను. అది నా భార్య అలమేలు పుట్టిన ఊరు. ఎన్నో తరాల కిందట అటు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. పెళ్ళయ్యేదాకా ఆమె సముద్రం చూడలేదు. విశాఖపట్నం రేవులో నాకు ఉద్యోగం. కాపురానికి వచ్చిన మొదటి వారమే సముద్రం చూసి, ఇంత నీళ్ళు పెట్టుకుని ఊరికే ఎట్లా కూర్చున్నారని అడిగింది. మా పక్కింట్లో ఓడలను రేవులోకి నడిపించే పైలట్ ఒకాయన ఉండేవారు. ఆయన దగ్గర సీమ గాలం కర్ర ఒకటి ఉంది. ఆయన నేర్పితే ఆమె నేర్చుకుంది. తెల్లవారగానే రాళ్ళకట్ట మీదికి వెళ్ళి నీళ్ళ పైన తేలే కొయ్య ఎరలు విసిరేది. నేను వెనక బుట్ట పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఆ ఎరల సంగతి చెప్పాలి. అవి పురుగు, రొయ్య గుచ్చే గాలాలు కావు. చేప ఆకారంలో చెక్కిన కొయ్య ముక్కలు. పైలట్ గారి దగ్గర ఉన్న రెండు రకాలు చూసి, ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్ళ చేత అంకుడు కర్రతో తరిమెన మీద అట్లాంటివే చేయించుకుంది. పైన లక్క రంగు. ఒక రకానికి మూతి గుంటగా ఉంటుంది. లాగితే నీళ్ళు చిమ్ముతుంది. పైలట్ గారు దాన్ని పాపర్ అనేవారు. రెండో రకం చుట్టలాగా నున్నగా ఉంటుంది. దాని పేరు స్టిక్ బెయిట్. కొద్దికొద్దిగా లాగితే ఎడమకూ కుడికీ ఊగుతూ వస్తుంది. అలమేలు ఒకదాన్ని ఉమ్మేది అనీ, ఇంకోదాన్ని ఊగేది అనీ పిలిచేది. మా ఇంట్లో అవే పేర్లు నిలిచాయి. ఒకసారి మామగారు మమ్మల్ని చూడ్డానికి వచ్చి, ఆమె ఉమ్మేదానితో పెద్ద పార చేపను పైకి తేవడం కళ్ళారా చూశారు. ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు, తనకూ ఒక కర్ర కావాలని అడిగారు. వచ్చే మాసి నెలలో, మన మాఘం అటూ ఇటూగా, తిరుచెందూరు సముద్రానికి తీసుకెళ్ళి నేర్పుతానని ఆమె మాట ఇచ్చింది. ఆ మాసి వచ్చేసరికి ఆమె లేదు.

ఏడాది దాటింది. పైలట్ గారు ఉద్యోగం విరమించి, తన కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. కొయ్య ఎరలు మాత్రం ఒక బిస్కెట్ల డబ్బాలో నా దగ్గర మిగిలాయి. ఎండలు ముదిరే చిత్తిరై నెలలో మామగారు కార్డు రాశారు. కర్రలు మూడు సంపాదించాను, అమ్మాయి ఎరలు తీసుకుని రండి, దేనికి ఏది తగుతుందో మీరే చెప్పాలి అని. వెళ్ళి డబ్బా ఇచ్చేసి రావాలనుకున్నాను. మాకు పిల్లలు లేరు. భార్య పోయిన అల్లుడికి అత్తవారింట ఏ చోటు మిగులుతుందో నాకు తెలియదు. ఆ డబ్బా కూడా ఇచ్చేస్తే, ఆ ఇంటికి నేను మళ్ళీ వెళ్ళడానికి కారణం ఉండదు. ఇది నోరు తెరిచి అడిగే విషయం కాదు. వాళ్ళూ చెప్పరు. వెళ్తే తెలుస్తుంది అనుకున్నాను.

ఉత్తరాది నుంచి వెళ్ళేవాళ్ళు మద్రాసు సెంట్రల్లో దిగి ఎగ్మూరుకు మారాలి. సాయంత్రం అక్కణ్ణుంచి విరుదునగర్ మీదుగా కొల్లం వైపు పోయే మీటర్ గేజి బండి ఎక్కితే మర్నాడు ఎండ ముదరకముందే రాజపాళయంలో దిగవచ్చు. మూడో తరగతిలో పడుకోవడానికి చోటు దొరకడం కష్టం. ముందుగా వెళ్ళి పై బల్ల పట్టుకోవాలి. విరుదునగర్లో బండి చాలాసేపు ఆగుతుంది. కాఫీ, ఇడ్లీ అక్కడే ముగించుకోవడం మంచిది. అది దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే శ్రీవిల్లిపుత్తూరు గోపురం, దాని వెనక కొండలు కనిపిస్తాయి. అలమేలు ఎప్పుడూ ఆ కిటికీ కోసం తొందరపడేది. నేను ఎడమవైపు కూర్చున్నాను. అటు కూడా ఎండిన చేలు, బావుల దగ్గర మోటారు గదులు బాగానే కనిపించాయి.

స్టేషను బయట జట్కాలు ఉంటాయి. ఊళ్ళో ఎక్కడికైనా ఎనిమిదణాలు. నయాపైసలు వచ్చినా అక్కడ లెక్క ఇంకా అణాల్లోనే నడుస్తోంది. జట్కా తోలే పెద్దాయన ముందు తమిళంలో మాట్లాడాడు. మామగారి ఇల్లు చెప్పగానే తెలుగులోకి మారిపోయాడు. ఆ ఊరి తెలుగు కొత్తవాళ్ళకు మొదట వింతగా ఉంటుంది. సగం మాటలు తమిళం, మిగతా సగం మన తాతల నాటి తెలుగు. పావుగంట వింటే అలవాటవుతుంది. పెద్దాయన నా ఒక్క పెట్టెను, చేతిలో డబ్బాను చూశాడు.

"సామాను ఇంతేదానా? పోయిన తూరి అమ్మ వచ్చినప్పుడు నా బండి చాలక ఇంకో బండి పిలిచినాము. కొబ్బరికాయలే ఒక మూట ఉండె."

అవునన్నాను. ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఇల్లు వచ్చేదాకా ఆయన ఆ కొబ్బరికాయల గురించే మాట్లాడాడు. వింటూ కూర్చున్నాను.

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు కూడా అల్లుణ్ణి తమిళంలాగే మాప్పిళ్ళ అంటారు. "రాండి మాప్పిళ్ళా" అన్నారు. ఆ పిలుపు ఉంటుందా అని దారంతా ఆలోచించాను. ఉంది. కాని అది మర్యాదకు అన్నదో, మామూలుగా అన్నదో తెలియలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, నా భుజాల వైపు చూసి, విశాఖపట్నంలో బియ్యం దొరకడం మానేసిందా అని అడిగారు. హోటలు భోజనం అన్నాను. అన్నం పెట్టే హోటలా, ఉపవాసం పెట్టే హోటలా అన్నారు. నాలుగు దోసెలు తిన్నాక ఐదోది అడగకుండానే వేశారు. తర్వాత తాటి ముంజలు. వాటిని అక్కడ నుంగు అంటారు. ఆ ఎండలో అంతకంటే చల్లని తిండి లేదు. అలమేలు పేరు మా ఇద్దరి మధ్యా రాలేదు. కాని ముంజలు ఆమె తినే పద్ధతిలోనే, పై తొక్క తీయకుండా పెట్టారు.

బావమరిది కుమారసామి మిల్లులో మొదటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం వచ్చాడు. మిల్లులో యంత్రాల మరమ్మతు పని అతనిది. చొక్కా మీద ఇంకా పత్తి నూగు ఉంది. మూడు కర్రలూ హాల్లో గోడకు ఆనించి ఉన్నాయి. ఒకటి కొండ మీది తేయాకు తోటల దొర ఇంగ్లండు తిరిగి వెళ్తూ అమ్మేసిన సామాన్లలోది. వెదురును ఆరు బద్దలుగా చీల్చి, అతికించి చేసిన కర్ర. దారపు చుట్లకు వార్నిష్ వేసి ఉంది. చూడ్డానికి వీణ దండిలా ఉంది. రెండోది కుమారసామి మద్రాసులో కొన్న గాజునార కర్ర. ఫైబర్ గ్లాస్ అని కొత్తగా వస్తున్న సరుకు. పొడవు ఆరున్నర అడుగులు, పడవలో కూర్చుని వేసేవాళ్ళ కోసం చేసినది. మూడోది మంసాపురం దగ్గర ఈటె కర్రలు చేసేవాళ్ళ నుంచి మామగారు తెప్పించిన గట్టి వెదురు. లోపల బోలు ఉండదు. తొమ్మిదడుగులు. దానికి కుమారసామే ఇనుప తీగతో రింగులు చేసి, మిల్లు నూలుతో చుట్టి కట్టాడు. రీలూ, నైలాను దారం కూడా అతనే కొన్నాడు. దారం బలం ఎంతో దుకాణంవాడు చెప్పింది నమ్మక, నూలు తెగే బలం చూసే యంత్రానికి తగిలించి మరీ చూశాడట. అక్కడి పెద్ద మేస్త్రీ వచ్చి ఇది ఎన్నో నంబరు నూలని అడిగితే, ఇది సముద్రం నంబరు అని చెప్పాడట.

మామగారు ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి. డబ్బా తెరిచి, ఒక్కొక్క ఎరను బయటికి తీసి, చాప మీద వరసగా పెట్టారు. ఆరు ఉమ్మేవి, నాలుగు ఊగేవి. లక్క మీద చేప పళ్ళ గాట్లు ఉన్నవాటిని వేలితో తడిమారు. తర్వాత లేచి తలగుడ్డ చుట్టుకుని, కణ్మాయికి పోదామన్నారు. కణ్మాయి అంటే ఊరి సాగునీటి చెరువు. వేసవిలో నీళ్ళుండవు. నీళ్ళు లేని చోట గాలం ఏం పరీక్షిస్తామని అడిగాను. సిప్పాయి వస్తాడు గదా అన్నారు.

సిప్పాయి ఆ ఇంటి వేటకుక్క. ఆ ఊరి జాతి. తెల్లటి ఒళ్ళు, గులాబి రంగు ముక్కు, పొడుగు కాళ్ళు. కుందేలును పరుగులో పట్టేస్తుంది. మామగారి ఆలోచన ఏమిటంటే, పార చేప ఎర నోట కరుచుకుని పరుగెత్తే పద్ధతి ఆయన విశాఖపట్నంలో చూశారు. సిప్పాయి పరుగు కూడా అచ్చం అంతే. అందుకని కొక్కేలు లేకుండా, గుడ్డ ఉండకు మేక కొవ్వు రాసి దారానికి కట్టి విసరాలి. సిప్పాయి దాన్ని పట్టుకుని పరుగెత్తుతాడు. ఏ కర్ర వాణ్ణి ఆపుతుందో అదే మన కర్ర. రాజపాళయంలో కాకపోతే ఇంకే ఊళ్ళోనూ ఎవరికీ ఈ ఆలోచన రాదు. సత్రపట్టి పోయే దారి పక్కన బీటలు తీసిన ఆ చెరువులో ఎండ కాస్త తిరిగాక మేము ముగ్గురం, మూడు కర్రలు, ఒక కుక్క నిలబడ్డాం. గొర్రెలు మేపే ఒకాయన మందను వదిలేసి వచ్చి తుమ్మ చెట్టు కింద కూర్చున్నాడు. గాలాన్ని అక్కడ తూండిల్ అంటారు.

"ఏమి సామీ, కుక్కకు తూండిల్ వేస్తా ఉండారా?"

"అవునప్పా" అన్నారు మామగారు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "నీ గొర్రెలను దూరంగా కట్టు. తరవాత వాటికి వేస్తాము."

దొర కర్రతో మొదలుపెట్టారు. సిప్పాయి ఉండ నోట కరుచుకుని కట్ట వైపు పరుగు తీశాడు. రీలు కీచుమంది. కర్ర పిడిదాకా వంగిపోయింది. సిప్పాయి మామగారిని పది బారలు ఈడ్చుకుపోయాడు, ఆయన చెప్పు ఒకటి బీటలో ఇరుక్కుంది. కుమారసామి నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. గాజునార కర్ర కొంత మేలు. కాని పిడి పొట్టిది కావడంతో మామగారికి రెండో చేయి పెట్టడానికి చోటు లేక, కర్ర పొత్తికడుపులో పొడుచుకుంది. మూడోది గట్టి వెదురు. సిప్పాయి పరుగెత్తాడు, దారం బిగిసింది, కర్ర వంగలేదు. సిప్పాయే గిర్రున వెనక్కి తిరిగాడు. నోట్లో ఉండ వదిలేసి, అవమానం జరిగినట్టు మామగారి వైపు చూసి, గొర్రెల కాపరి పక్కన నీడలో పడుకున్నాడు. తర్వాత ఎంత పిలిచినా రాలేదు. మామగారు గట్టి వెదురును భుజాన వేసుకుని, తీర్పు అయిపోయిందన్నారు.

నాకు అది నచ్చలేదు. మాట్లాడకుండా ఉండవచ్చు. కర్ర వాళ్ళది. కాని అది ఆమె చెయ్యాలనుకున్న పని. తప్పు కర్రతో పోయి ఆయన ఉత్త చేతుల్తో తిరిగి రావడం నాకు ఇష్టం లేదు. చెప్పాను. కుక్క ఎరను తనే వెతుక్కుంటూ వచ్చింది. చేప అట్లా రాదు, దాన్ని పిలవాలి. పట్టాక ఆపడం తర్వాతి సంగతి. ముందు ఎర నీళ్ళ మీద బతికున్నట్టు కదలాలి. ఆ కదలిక కర్ర కొస నుంచి వస్తుంది. కొస మరీ బిగువైతే ఎర గంతులేస్తుంది. మరీ మెత్తనైతే కదలదు.

"ఎట్లా పిలిచేది? చూపండి" అన్నారు మామగారు.

"నాకు చేతకాదు. నేను ఎప్పుడూ విసరలేదు. బుట్ట పట్టుకునేవాణ్ణి."

"చూసినారు గదా."

చూశాను. తొమ్మిదేళ్ళు చూశాను. కర్రలు ఎత్తుకుని వాళ్ళ బావి దగ్గరికి నడిచాం.

వాళ్ళ పొలం బావి ఒక ఇల్లంత వెడల్పు. నాలుగు పలకలుగా రాతి కట్టు, లోపలికి మెట్లు. వేసవి కాబట్టి నీళ్ళు బాగా కిందికి దిగి ఉన్నాయి. కరెంటు లేని వేళ, మోటారు ఆగి ఉంది, నీళ్ళు కదలడం లేదు. మెట్ల మీద నీటిదాకా దిగాం. బయటి ఎండ తర్వాత లోపల చల్లగా ఉంది. కుమారసామి ఒక ఉమ్మేదానికి కొక్కేలు విప్పి గట్టి వెదురుకు కట్టి ఇచ్చాడు. బావి అవతలి గోడ దగ్గర పడేట్టు విసిరాను. పడింది. కర్ర కొస కిందికి వంచి, మణికట్టుతో ఒకసారి లాగాను. ఆమె అట్లాగే లాగేది. ఎర నీళ్ళు వదిలి గాల్లోకి లేచి, నా చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది. కుమారసామి మెట్టు మీద వంగి తప్పించుకున్నాడు. ఇదేమి, చేపను కొట్టేదా పిలిచేదా అన్నాడు. దొర కర్ర తీసుకున్నాను. అది నేను లాగిన లాగుడంతా తనే మింగేసింది. అవతల ఎర తల ఊపి ఊరుకుంది.

గాజునార కర్రతో మొదటిసారి సరిగ్గా పడలేదు. రెండోసారి పడింది. దారం బిగిసేదాకా రీలు తిప్పి, ఆగి, మణికట్టుతో లాగాను.

బొళుక్ మంది. నీళ్ళు జానెడు ఎత్తు చిమ్మాయి. రాతి గోడల మధ్య ఆ చప్పుడు సముద్రం మీద కంటే పెద్దగా, ముద్దగా వినిపించింది. అలలు గుండ్రంగా వచ్చి మెట్టుకు తగిలాయి. ఎప్పుడు వెంట వచ్చాడో, పైన ఒడ్డు మీద సిప్పాయి మొరిగాడు. ఆ చప్పుడు విని ఏడాది దాటింది. లాగాక ఆమె కొంతసేపు ఆగేది. ఇక చేప రాదు అని నాకు అనిపించిన తర్వాత కూడా ఆగేది. నేనూ ఆగాను. మామగారు మెట్టు మీద కూర్చున్నారు.

"ఇంకో తూరి" అన్నారు.

మళ్ళీ లాగాను. మళ్ళీ వినిపించింది. ఎన్నిసార్లు లాగానో గుర్తు లేదు. తర్వాత ఊగేదాన్ని కట్టి, కొసతో చిన్నచిన్నగా తట్టాను. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి, నడక నేర్చే పిల్లలా వచ్చింది. మామగారు చేత్తో దాన్ని నీళ్ళలోంచి తీసుకుని, తలగుడ్డతో తుడిచారు. తుడవడానికి కావలసినదానికంటే ఎక్కువ సేపు తుడిచారు. మెట్లెక్కేటప్పుడు, అమ్మాయి మీకు బాగా నేర్పింది అన్నారు.

కర్ర ఎంచడం అక్కడితో అయిపోలేదు. గాజునార కొస సరిపోయింది గాని, రాళ్ళ మీద నిలబడి రెండు చేతుల్తో దూరంగా విసరడానికి ఆ పిడి, ఆ పొడవు చాలవు. ఇంటికి వచ్చాక కుమారసామి దానికి ఒక దారి చెప్పాడు. మద్రాసు కర్ర పొట్టి పిడి తీసేయాలి, గట్టి వెదురు మొదలు నుంచి మూడడుగుల ముక్క కోయాలి, రెంటినీ ఇత్తడి గొట్టంతో కలపాలి. గొట్టం పాత సామాన్లలో ఉంది. కుక్కను ఆపిన బలం కింద ఉంటుంది, బావిలో పలికిన కొస పైన ఉంటుంది. అందరికీ నచ్చింది. దీపాలు పెట్టే వేళకు అరుగు మీద రంపం, ఆకురాయి, లక్క, నూలు కండె చేరాయి. అత్తగారు లోపల్నుంచి పకోడీలు పంపుతూ, గాలం కర్రకు ఇంత సంబరమైతే చేపకు మేళం పెట్టిస్తారేమో అన్నారు.

పిడి పొడవు మనిషిని బట్టి ఉండాలి. రీలు పట్టుకున్న చేతి నుంచి కర్ర మొదలు చంక కింద ఇమిడేట్టు ఉంటే విసిరేటప్పుడు తగలదు, చేప లాగేటప్పుడు ఆనించుకోవచ్చు. ఈ మాట పైలట్ గారు ఆమెకు చెప్పగా విన్నాను. కుమారసామి వెదురు ముక్క తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళాడు. మామగారు కుర్చీలోంచి లేవలేదు. మాప్పిళ్ళకు కొలువు అన్నారు. కర్ర మీది కదా అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కుమారసామి నా చంక కింద వెదురు ఆనించి, బొగ్గుతో గీత గీసి, రంపం పెట్టాడు. కోశాక ఇక కలిసేది కాదు. మామగారు నాకంటే పొట్టి. ఆ పిడి ఆయనకు పనికిరాదు.

ఇత్తడి గొట్టం బిగించే ముందు కుమారసామి ఆగాడు.

"నాయినా, విప్పి మళ్ళీ బిగించేట్లు చేస్తాను. తొమ్మిదడుగుల కర్రను బావ రైల్లో ఎట్లా ఎత్తుకుపోయేది?"

"విప్పేది వద్దు. లక్క పోసి అతికించు. విప్పే అతుకు వదులైపోతాది."

"అతికిస్తే ఎత్తుకుపోలేరే."

"ఎత్తుకుపొమ్మని ఎవురు చెప్పినారు?"

అత్తగారు పకోడీల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. మామగారు నా వైపు చూడలేదు. లక్క కరుగుతున్న గిన్నె వైపు చూస్తూ చెప్పారు.

"మాసికి గాలి తగ్గుతాది. అప్పుడు రాండి మాప్పిళ్ళా. కర్ర ఈడనే ఉంటాది."

సరే అన్నాను. కుమారసామి లక్క పోశాడు. గట్టిపడేదాకా కర్రను కదలకుండా నేనే పట్టుకున్నాను. వేళ్ళు కొంచెం కాలాయి. డబ్బాను అత్తగారు లోపలికి తీసుకెళ్ళి, దేవుడి గూటి కింద అలమారలో పెట్టారు. మర్నాడు సాయంత్రం బండికి బయలుదేరినప్పుడు నా చేతిలో పెట్టె ఒకటే ఉండాలి. కాని అత్తగారు కట్టిన మురుకులు, మామిడికాయలు, కొబ్బరికాయలు చూసి జట్కా పెద్దాయన, ఇప్పుడు సరిగా ఉండాది అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు మాసి నెలలో వెళ్ళాను. మీరూ వెళ్ళదలిస్తే తై చివర నుంచి పంగుని దాకా, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదలు దాకా, మంచి కాలం. జూన్ నడుమ మొదలయ్యే ఆని, ఆడి నెలల్లో అటు సముద్రం గాలికి గాలం పట్టనివ్వదు. రాజపాళయంలో తెల్లవారుజామున శంకరన్‌కోవిల్ మీదుగా తిరునెల్వేలి పోయే బస్సు ఎక్కి, అక్కడ తిరుచెందూరుకు మారితే మధ్యాహ్నం భోజనానికి చేరవచ్చు. పొడుగు కర్రను బస్సు పైన గోనెలో చుట్టి పొడుగునా కట్టమని కండక్టరును అడగండి, టీ ఖర్చులు ఇస్తే కడతాడు. రాత్రికి సత్రంలో చోటు దొరుకుతుంది. తెల్లారేసరికి రాళ్ళున్న వైపు నడిచి వెళ్ళాలి. మొదటి మాసిలో ఏమీ పడలేదు. రెండో మాసిలో ఉమ్మేదానికి ఒక పార వచ్చింది. పైన నీళ్ళు విరిగిపడినప్పుడు నాకు ఏం చెయ్యాలో తోచలేదు, చేతులే చేశాయి. మామగారు దాన్ని చూసి చిన్నది అన్నారు. ఆమె పట్టినదానికంటే చిన్నదే. ఆయన కర్ర ముట్టుకోరు. వెనక బండ మీద బుట్ట పట్టుకుని నిలబడతారు. ఎర పడ్డాక ఎంతసేపు ఆగాలో మాత్రం చెప్తారు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటారు.

ఒక సలహా. నీళ్ళ పైన ఆడే కొయ్య ఎరలకు కర్ర కొనేవాళ్ళు దుకాణంలో ఊపి చూసి కొనకండి. ఎరను వెంట తీసుకెళ్ళి, బావిలోనైనా సరే, నీళ్ళ మీద పలికించి చూడండి. పిడి మీ చంకకు కొలిపించుకోండి. రైళ్ళలో తిరిగేవాళ్ళకు విప్పి రెండు ముక్కలు చేసుకునే కర్ర సౌకర్యం. తిరిగి వెళ్ళవలసిన ఇల్లు ఒకటి ఉన్నవాళ్ళు మాత్రం అతుకు విప్పరాని కర్ర చేయించి, అక్కడే ఉంచి రండి.